మా వంశంలో అందరికీ గురకే: నిద్ర జబ్బుల్లో కుటుంబ వారసత్వం

మూడేళ్ల క్రితం మాట. మా మనవడికి అప్పుడు ఆరేళ్లు. రాత్రిళ్లు నోరు తెరుచుకుని పడుకునేవాడు, పెద్దవాళ్లలా గురక పెట్టేవాడు, పొద్దున్న బడికి లేపితే ఏడ్చేవాడు. బరంపురంలోనే ఒక ముక్కు, చెవి, గొంతు డాక్టరుగారికి చూపించాం. ఆయన వాడి గొంతులోకి టార్చి వేసి చూసి, "ఇంట్లో ఇంకెవరికైనా గురక ఉందా?" అని ఒడియాలో అడిగారు. మేము నవ్వి, "మా వంశంలో అందరికీ గురకేనండి. మా నాన్నగారి గురక వీధి చివరిదాకా వినపడేది" అన్నాం. ఆయన నవ్వలేదు. "మీ నాన్నగారు ఉన్నారా?" అని అడిగారు.

లేరు. యాభై ఎనిమిదో ఏట నిద్రలోనే పోయారు. వచ్చినవాళ్లందరూ "పుణ్యాత్ముడు, ఎవరిచేతా చేయించుకోలేదు" అన్నారు. మేమూ అలాగే అనుకున్నాం. ఆయన పోవడానికి గురకే కారణమని ఈనాడు ఎవరూ చెప్పలేరు, అప్పట్లో ఏ పరీక్షా జరగలేదు. కానీ డాక్టరుగారు అడిగిన రెండు ప్రశ్నలతో మాకు ఒక సంగతి తెలిసివచ్చింది. నాలుగు తరాల క్రితం ఏ ఊరి నుంచి వచ్చామో, మా ఇంటిపేరు, గోత్రం ఏమిటో మాకు కంఠతా వచ్చు. తాతలు, నాన్నగారు రాత్రిళ్లు ఎలా నిద్రపోయేవారో, ఏ జబ్బుతో పోయారో మాత్రం ఎక్కడా రాసుకోలేదు.

"మా వంశంలో అందరికీ ఉన్నదే" అన్న మాటను మనవాళ్లు సర్దుకుపోవడానికి వాడతారు. నిజానికి డాక్టరుకు ముందుగా చెప్పవలసిన మాట అదే. ఏ నిద్ర జబ్బు ఎంతవరకు వంశంలో వస్తుంది, ఏది రాదు, తెలిస్తే ఏం చేయాలి అన్నది మన సంఘం ఇళ్లవారి కోసం ఇక్కడ ఒకచోట పెడుతున్నాం. ఇది వైద్యానికి బదులు కాదు. డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు చదువుకుని వెళ్లడానికి మాత్రమే.

వంశంలో రావడం అంటే ఏమిటి?

తల్లిదండ్రుల నుంచి పిల్లలకు లక్షణాలను చేర్చేవి జన్యువులు. నిద్ర జబ్బుల విషయంలో ఇవి రెండు రకాలుగా పనిచేస్తాయి.

మొదటి రకంలో ఒక్క జన్యువులో వచ్చిన మార్పే జబ్బుకు చాలు. తల్లికో తండ్రికో ఆ మార్పు ఉంటే ప్రతి బిడ్డకూ అది వచ్చే అవకాశం సగానికి సగం. ఇలాంటి నిద్ర జబ్బులు బహు అరుదు.

రెండో రకంలో పదుల కొద్దీ, వందల కొద్దీ జన్యువులు తలా కాస్త పనిచేస్తాయి. వాటికి బరువు, వయసు, తిండి, పని వేళలు, తాగుడు కలిసినప్పుడే జబ్బు బయటపడుతుంది. గురక, నిద్రపట్టకపోవడం, కాళ్లు పీకడం వంటివన్నీ ఈ కోవలోనివే. ఇక్కడ మనకు వచ్చేది జబ్బు కాదు, జబ్బుకు అనువైన తీరు. విత్తనం పెద్దలదే అయినా, నీరు పోసేదీ మానేదీ మనం.

ఇందులో జన్యువుల పాలెంతో తేల్చడానికి శాస్త్రజ్ఞులు కవలలను పరిశీలిస్తారు. అచ్చు గుద్దినట్టుండే కవలలకు జన్యువులన్నీ దాదాపు ఒకటే. మామూలు కవలలకు సుమారు సగం ఒకటి. ఇద్దరూ ఒకే ఇంట్లో పెరుగుతారు కాబట్టి, మొదటి జంటల్లో ఒక జబ్బు ఇద్దరికీ ఉండడం ఎక్కువగా కనిపిస్తే దానిలో జన్యువుల పాత్ర ఉందని లెక్క.

ఇంకో మాట. ఇంట్లో అందరికీ ఉన్నదల్లా జన్యువుల వల్ల వచ్చినదే కాదు. రాత్రి పదకొండుకు భోజనం, పడుకునే ముందు టీ, అర్ధరాత్రి దాకా టీవీ ఉన్న ఇంట్లో అందరి నిద్రా ఒకేలా చెడుతుంది. షోలాపూర్ మరమగ్గాల దగ్గర రాత్రి పాళీ చేసే ఇళ్లలో తండ్రీ కొడుకులిద్దరికీ నిద్ర సరిగా పట్టకపోతే, ముందు అడగవలసింది పని వేళల గురించే.

గురక, నిద్రలో ఊపిరి ఆగడం

మన ఇళ్లలో అన్నింటికన్నా ఎక్కువగా కనిపించేదీ, అన్నింటికన్నా ఎక్కువగా నవ్వి వదిలేసేదీ ఇదే. గురకంతా జబ్బు కాదు. గొంతు దారి మూసుకుపోయి ఊపిరి ఆగుతుంటే మాత్రం జబ్బే. దీన్ని డాక్టర్లు స్లీప్ ఆప్నియా అంటారు. పెద్దవాళ్లలో ఊపిరి పది సెకన్లు, అంతకు మించి ఆగితే ఒకసారి ఆగినట్టు లెక్క. పూర్తిగా ఆగకపోయినా బాగా తగ్గిపోతే దాన్నీ కలిపి లెక్కిస్తారు. గంటకు 5 నుంచి 15 సార్లయితే స్వల్పం, 15 నుంచి 30 అయితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం.

ఊపిరి ఆగిన ప్రతిసారీ రక్తంలో ప్రాణవాయువు తగ్గుతుంది, మెదడు ఉలిక్కిపడి మనిషిని అరక్షణం లేపుతుంది. తెల్లారాక ఇదేమీ అతనికి గుర్తుండదు. ఎనిమిది గంటలు పడుకున్నా నిద్ర చాలదు, కుర్చీలో కూర్చుంటే కళ్లు మూతలు పడతాయి. అశ్రద్ధ చేస్తే రక్తపోటు, గుండె లయ తప్పడం, పక్షవాతం వచ్చే ముప్పు పెరుగుతుంది. మధుమేహం ఉన్నవారిలోనూ ఇది ఎక్కువగా కనిపిస్తుంది. బండి, బస్సు, లారీ నడిపేవారికైతే ఆ కునుకే ప్రాణాంతకం.

ఇందులో వంశం పాలు తక్కువేమీ కాదు. ఊపిరి ఆగే లెక్కలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో సుమారు 40 శాతం కుటుంబ సంబంధమైనదేనని పరిశోధనలు చెబుతున్నాయి. మనకు వచ్చేవి ఇవి: వెనక్కి ఉన్న చిన్న దవడ, ఇరుకైన గొంతు, పెద్ద నాలుక, మెడ చుట్టూ, పొట్టలో కొవ్వు పేరుకునే తీరు, నిద్రలో ఊపిరిని మెదడు అదుపు చేసే పద్ధతి. అందుకే సన్నగా ఉన్నవారికీ ఈ జబ్బు రావచ్చు. "మా వాడు బక్కపలచగా ఉన్నాడు, వాడికెందుకు వస్తుంది?" అనుకోకూడదు. ఆడవాళ్లకు రాదనుకోవడమూ పొరపాటే. ముట్లుడిగాక వారికీ ముప్పు పెరుగుతుంది. కాకపోతే గురక సంగతి వాళ్లు చెప్పరు, నీరసం, తలనొప్పి, నిద్రలేమి అని చెబుతారు.

పిల్లల్లో దీనికి ముఖ్య కారణం టాన్సిల్స్, ముక్కు వెనుక ఉండే ఎడినాయిడ్స్ పెద్దవి కావడం. అదీ కుటుంబాల్లో కనిపించేదే. రోజూ గురక పెట్టే పిల్లవాడు చదువులో వెనకబడినా, చిరచిరలాడినా తిట్టే ముందు గొంతు చూపించాలి.

ఈ గుర్తులుంటే పరీక్ష చేయించుకోవాలి: తలుపు వేసినా వినపడే గురక, ఊపిరి ఆగడం పక్కవారు చూడడం, పగలు కునికిపాట్లు, రక్తపోటు, యాభై దాటిన వయసు, 40 సెంటీమీటర్లకు మించిన మెడ చుట్టుకొలత, అధిక బరువు. మగవారైతే ముప్పు ఇంకొంచెం ఎక్కువ. వీటికి తోడు తండ్రికో అన్నకో ఇదే జబ్బు ఉంటే ఆలస్యం చేయకూడదు. పరీక్షలో నొప్పి ఉండదు. వేలికి, ముక్కుకు, ఛాతీకి చిన్న తీగలు పెట్టి ఒక రాత్రి నిద్రను నమోదు చేస్తారు. కొందరికి ఇంట్లోనే చేస్తారు. మధ్యస్థం, తీవ్రం అయితే ముక్కు మీద మాస్కుతో గాలి పంపే సీప్యాప్ యంత్రం ఇస్తారు. దీన్ని 1981లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో కాలిన్ సలివన్ అనే డాక్టరు ప్రపంచానికి పరిచయం చేశారు. బరువు తగ్గడం, రాత్రి మద్యం మానడం, వెల్లకిలా కాక పక్కకు తిరిగి పడుకోవడం కూడా చికిత్సలో భాగమే.

పడుకోగానే కాళ్లు పీకడం

"అమ్మకు రాత్రయితే కాళ్లు గుంజుతాయి, ఎవరో ఒకరు పిసకాలి." ఈ మాట వినని తెలుగు ఇల్లు ఉండదేమో. కాళ్లలో ఏదో పాకుతున్నట్టు, లాగుతున్నట్టు ఉండి కదపకుండా ఉండలేకపోవడం, నాలుగడుగులు వేస్తే తగ్గడం, కూర్చున్నా పడుకున్నా మళ్లీ రావడం, సాయంత్రం నుంచి పెరగడం. ఈ నాలుగూ ఉంటే అది వట్టి అలసట కాదు, రెస్ట్‌లెస్ లెగ్స్ అనే జబ్బు. 1945లో స్వీడన్ వైద్యుడు ఎక్‌బోమ్ దీన్ని వివరంగా రాసి పేరు పెట్టారు.

నిద్ర జబ్బుల్లో వంశంలో బాగా కనిపించేది ఇదే. చిన్న వయసులో మొదలైనవారిలో సగానికి పైగా కుటుంబంలో ఇంకొకరికీ ఉంటుంది. దీనికి సంబంధించిన కొన్ని జన్యువులను 2007లో గుర్తించారు.

అయితే దీన్ని పెంచేదీ తగ్గించేదీ చాలావరకు ఇనుము. శరీరంలో ఇనుము నిల్వ తగ్గితే వంశంలో ఉన్న తీరు బయటపడుతుంది. అందుకే గర్భిణులకు, నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉన్న ఆడవారికి, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి ఇది ఎక్కువ. హిమోగ్లోబిన్ బాగున్నా ఇనుము నిల్వ తక్కువగా ఉండవచ్చు కాబట్టి ఫెరిటిన్ అనే రక్తపరీక్ష అడిగి చేయించుకోవాలి. అది లీటరుకు 75 మైక్రోగ్రాములకన్నా తక్కువ ఉంటే ఇనుము ఇవ్వడం గురించి డాక్టర్లు ఆలోచిస్తారు. జలుబుకు వాడే కొన్ని మత్తు మాత్రలు, వాంతులకు వాడే కొన్ని మందులు, మానసిక వ్యాధుల మందుల్లో కొన్ని దీన్ని పెంచుతాయి. అమ్మ, పిన్ని, కూతురు ముగ్గురికీ ఉంటే ముగ్గురూ ఫెరిటిన్ చూపించుకోవడం మంచిది.

నిద్రలో నడక, కేకలు, పక్క తడపడం

పిల్లవాడు అర్ధరాత్రి లేచి కళ్లు తెరిచి నడుస్తాడు, పిలిస్తే పలకడు, తెల్లారితే గుర్తుండదు. ఇంకొకడు నిద్రలో గట్టిగా కేకపెట్టి చెమటలు కక్కుతాడు. మన ఇళ్లలో వెంటనే "గాలి సోకింది, దిష్టి తగిలింది" అంటారు. విభూతి పెట్టుకోవడానికి అభ్యంతరం లేదు. కానీ అది పిల్లవాడి మెదడు గాఢనిద్ర నుంచి సగమే మేలుకోవడం. చాలామందిలో ఎదిగేకొద్దీ తగ్గిపోతుంది.

కెనడాలో పిల్లలను ఏళ్ల తరబడి పరిశీలించి 2015లో ప్రకటించిన లెక్క ఒకటి ఉంది. తల్లిదండ్రులిద్దరికీ నిద్రలో నడిచే అలవాటు లేని పిల్లల్లో నూటికి సుమారు 22 మంది నడిచారు. ఒకరికి ఉంటే 47 మంది. ఇద్దరికీ ఉంటే 61 మంది. కాబట్టి దెయ్యాన్ని వెతికే ముందు తాతమ్మను అడగాలి: "నాన్న చిన్నప్పుడు ఇలాగే లేచి నడిచేవాడా?"

నడిచే పిల్లవాడిని కొట్టి లేపకూడదు. నెమ్మదిగా పట్టుకుని పక్క మీదికి తేవాలి. మేడ మెట్లకు, డాబాకు, వీధి తలుపుకు గడియ వేయాలి. నిద్ర చాలకపోయినా, జ్వరం వచ్చినా ఇది పెరుగుతుంది.

పక్క తడపడం కూడా అంతే. పాత పరిశీలనల ప్రకారం తల్లిదండ్రులిద్దరికీ లేకపోతే పిల్లల్లో నూటికి 15 మందికి, ఒకరికి ఉంటే 44 మందికి, ఇద్దరికీ ఉంటే 77 మందికి ఈ సమస్య ఉంటుంది. తానూ పదేళ్లదాకా తడిపానని తండ్రి ఒక్క మాట చెబితే ఆ బిడ్డ సగం సిగ్గు పోతుంది. కొట్టడం, నలుగురిలో పరువు తీయడం, వాత పెడతామని బెదిరించడం వల్ల తగ్గదు. ఐదేళ్లు దాటాక కూడా ఉంటే పిల్లల డాక్టరుకు చూపించాలి. మందులున్నాయి, తడి తగలగానే మోగే అలారాలూ ఉన్నాయి.

ఇక్కడ రెండు హెచ్చరికలు. ఒకే రాత్రిలో పలుసార్లు, ప్రతిసారీ ఒకే రీతిలో చేతులు బిగుసుకోవడం, కొట్టుకోవడం, నాలుక కొరుక్కోవడం ఉంటే అది పీడకల కాదు, ఫిట్స్ కావచ్చు. వంశంలో వచ్చే రాత్రి ఫిట్స్ ఒక రకం ఉంది. 1995లో ఆస్ట్రేలియాలోని ఒక కుటుంబంలో దానికి కారణమైన జన్యువును గుర్తించారు. ఇలాంటి రోగులను పీడకలలనో మానసిక జబ్బనో పొరబడిన సందర్భాలు ఎన్నో. ఫోనులో వీడియో తీసి న్యూరాలజీ డాక్టరుకు చూపించడం అన్నింటికన్నా మేలైన పని.

రెండోది పెద్దవారి సంగతి. యాభై దాటాక కొత్తగా కలలో కొట్లాడుతూ చేతులు విసరడం, పక్కనున్నవారిని తన్నడం మొదలైతే అది చిన్నప్పటి నిద్రనడక కాదు. ఎక్కువగా వంశంలో వచ్చేదీ కాదు. కొందరిలో పార్కిన్‌సన్స్ జబ్బుకు ఏళ్ల ముందు కనిపించే గుర్తు అది. తప్పక చూపించాలి.

ఇక మెలకువ వచ్చినా ఒళ్లు కదలక, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు ఉండడం. దీనికీ వంశ సంబంధం ఉందని కవలల పరిశీలనలో తేలింది. భయపెట్టేదే గానీ చాలామందిలో ప్రమాదం లేనిది. నిద్ర వేళలు సరిచేస్తే తగ్గుతుంది.

నిద్రపట్టకపోవడం

"మా అమ్మకూ నిద్ర పట్టేది కాదు, నాకూ అంతే" అని మాత్రలు మింగేవారు మనలో ఎందరో. కవలల పరిశీలనల ప్రకారం నిద్రలేమిలో వారసత్వం పాలు సుమారు 30 నుంచి 40 శాతం. అంటే సగానికి పైగా మన చేతిలో ఉన్నదే.

2016లో అమెరికా వైద్యుల సంఘం దీర్ఘకాల నిద్రలేమికి మాత్రలకన్నా ముందు అలవాట్లను, ఆలోచనను సరిచేసే చికిత్స ఇవ్వాలని సిఫారసు చేసింది. అందులో ముఖ్యమైనవి ఇవి. రాత్రి ఎప్పుడు పడుకున్నా పొద్దున్న ఒకే వేళకు లేవడం. నిద్ర వచ్చినప్పుడే పక్క ఎక్కడం. ఇరవై నిమిషాలైనా పట్టకపోతే లేచి వేరే గదిలో కూర్చుని, నిద్ర వచ్చాక మళ్లీ పడుకోవడం. మధ్యాహ్నం నిద్ర తగ్గించడం. సాయంత్రం తరువాత టీ, కాఫీ మానడం. వీటిని ఒక పద్ధతిగా, శిక్షణ ఉన్నవారి దగ్గర కొన్ని వారాలు చేయాలి. గుర్తుంచుకోవలసింది ఇంకొకటి: పొరుగింటివారికి రాసిన నిద్రమాత్ర మనం వేసుకోకూడదు. ఊపిరి ఆగే జబ్బు ఉన్నవారికి కొన్ని నిద్రమాత్రలు హాని చేస్తాయి.

తెల్లవారుజాము ఇళ్లు, అర్ధరాత్రి ఇళ్లు

కొన్ని ఇళ్లలో ఎనిమిదికే దీపం ఆర్పేస్తారు, నాలుగుకే ముగ్గు వేస్తారు. కొన్ని ఇళ్లలో పదకొండుకు గానీ వంటిల్లు సర్దరు. ఇందులో అలవాటుతో పాటు ఒంట్లోని గడియారం పాత్రా ఉంది. ఆ గడియారాన్ని నడిపే జన్యువుల మీద పనిచేసిన హాల్, రోస్‌బాష్, యంగ్ అనే ముగ్గురికి 2017లో నోబెల్ బహుమతి వచ్చింది.

అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఒక కుటుంబంవారు తరతరాలుగా రాత్రి ఏడున్నరకే నిద్రకు తూలిపోయి, తెల్లవారుజామున నాలుగున్నరకే లేచేవారు. వారిలో పెర్ 2 అనే జన్యువులో మార్పు ఉందని 2001లో తేల్చారు. మనుషుల్లో నిద్ర వేళకూ ఒక జన్యువుకూ ఉన్న లంకె అలా రుజువైంది. 2009లో ఒక తల్లీకూతుళ్లకు రోజుకు ఆరుంపావు గంటల నిద్రే చాలుతున్నదని, వారికీ మరొక జన్యువులో మార్పు ఉందని కనుగొన్నారు. ఇలాంటివారు చాలా అరుదు. ఐదు గంటలు పడుకుని "మా వంశానికి నిద్ర అక్కర్లేదు" అనేవారిలో ఎక్కువమంది నిద్ర చాలక అప్పుల్లో ఉన్నవారే.

కుర్రవాడు ఆలస్యంగా పడుకుంటే అంతా బద్ధకమే కాదు. ఎదిగే వయసులో గడియారం కాస్త వెనక్కి జరుగుతుంది. కొందరికి వంశంలోనూ ఉంటుంది. అంతమాత్రాన చేతిలో ఫోనుకు మినహాయింపు లేదు.

అరుదైనవి

నార్కోలెప్సీ అనే జబ్బులో పట్టపగలు ఆపుకోలేని నిద్ర ముంచుకొస్తుంది. కొందరికి గట్టిగా నవ్వినా మోకాళ్లు సడలి కూలబడతారు. మెదడులో ఒరెక్సిన్ అనే పదార్థం తగ్గడం దీనికి కారణం. ఆ పదార్థాన్ని 1998లో కనుగొన్నారు. ఈ జబ్బు ఉన్నవారిలో ఎక్కువమందికి ఒక ప్రత్యేకమైన హెచ్‌ఎల్‌ఏ జన్యువు ఉంటుంది. కానీ ఆ జన్యువు ఉన్నవారిలో అత్యధికులకు జబ్బు ఎన్నడూ రాదు. రోగి అన్నదమ్ములకు, పిల్లలకు వచ్చే అవకాశం నూటికి ఒకటి రెండే. అచ్చు గుద్దినట్టున్న కవలల్లో ఒకరికి ఉన్నా రెండోవారికి వచ్చేది మూడింట ఒక వంతు లోపే. తీరు రావడం వేరు, జబ్బు రావడం వేరు అనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఒక్క జన్యువుతోనే వచ్చే ప్రాణాంతక నిద్రలేమి ఒకటుంది. ఇటలీలో వెనిస్ ప్రాంతపు కుటుంబంలో దీన్ని 1986లో వైద్యులు వర్ణించారు. నడివయసులో నిద్ర పూర్తిగా దూరమై, నెలల్లో ప్రాణం తీస్తుంది. ప్రపంచం మొత్తం మీద గుర్తించినవి కొన్ని పదుల కుటుంబాలే. రెండు రాత్రులు నిద్ర పట్టనివారు ఫోనులో దీని గురించి చదివి భయపడవలసిన పనిలేదు.

మేనరికం వల్ల వస్తాయా?

సంఘం సమావేశాల్లో మమ్మల్ని ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. తమిళనాడు, కర్ణాటకల్లో నేటికీ పావు వంతుకు పైగా పెళ్లిళ్లు రక్తసంబంధంలోనే జరుగుతున్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. వేరే రాష్ట్రంలో స్థిరపడిన మనలాంటివారికి సంబంధాలు దొరకక మేనమామ కొడుకునో, అక్క కూతురినో చేసుకోవడం పాత రివాజు.

మేనరికంతో పెరిగే ముప్పు ముఖ్యంగా తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే లోపమున్న జన్యువు చేరితేనే వచ్చే జబ్బులకు. పైన చెప్పిన సాధారణ నిద్ర జబ్బులు ఆ కోవలోనివి కావు. అయితే రెండు వైపులా ఒకే తీరు ఉన్నప్పుడు పిల్లలకు అవకాశం పెరుగుతుందని నిద్రనడక, పక్క తడపడం లెక్కలే చెబుతున్నాయి. అది మేనరికంలోనైనా, బయటి సంబంధంలోనైనా ఒకటే.

నిద్రలో నడిచే పిల్ల అని సంబంధం చెడగొట్టడం అన్యాయం. ఫిట్స్ ఉన్న సంగతి దాచి పెళ్లి చేయడమూ అన్యాయమే. దాస్తే ఆ పిల్ల మందులు కూడా దాచుకుని మింగాలి, లేదా మానేయాలి. మానేస్తే ప్రమాదం. చెప్పుకోవడంలో పోయే పరువుకన్నా దాచడంలో పోయేది ఎక్కువ.

ప్రతి ఇంట్లో ఒక చిట్టా

మేము ముప్పై ఏళ్లు ఆఫీసులో రిజిస్టర్లు రాసినవాళ్లం. రాసిపెట్టనిది లెక్కలోకి రాదని మాకు తెలుసు. ఒక నోటుపుస్తకంలో తాత, నాయనమ్మ, అమ్మమ్మ, తల్లిదండ్రులు, వారి తోడబుట్టినవారు, మనం, మన పిల్లలు అని పేర్లు రాయండి. ప్రతి పేరు ఎదురుగా ఇవి రాయండి:

గట్టి గురక ఉందా? ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా?
పగలు కునికేవారా? బండి నడుపుతూ కునికారా?
రాత్రి కాళ్లు పీకేవా? ఏ వయసు నుంచి?
చిన్నప్పుడు నడవడం, కేకలు, పక్క తడపడం ఉండేవా? ఎప్పుడు తగ్గాయి?
ఫిట్స్, పార్కిన్‌సన్స్, రక్తపోటు, గుండెజబ్బు, పక్షవాతం ఉన్నాయా?
పోయినవారైతే ఏ వయసులో, ఎలా పోయారు?

అమ్మ తరపును వదిలేయకండి. ఇంటిపేరు నాన్న నుంచే వస్తుంది గానీ జన్యువులు ఇద్దరి నుంచీ వస్తాయి. పెళ్లయి వెళ్లిన అత్తయ్యలను కూడా అడిగి రాయండి.

డాక్టరు దగ్గర స్థానిక భాషలో చెప్పవలసి వచ్చినప్పుడు మాట తడుముకోకుండా ఇవి గుర్తుంచుకోండి. గురకను కన్నడంలో గొరకె, తమిళంలో కురట్టై, మరాఠీలో ఘోరణే, ఒడియాలో ఘుంగుడి అంటారు. ఊపిరిని వరుసగా ఉసిరు, మూచ్చు, శ్వాస, నిశ్వాస అంటారు. మన పెద్దవాళ్లకు ఇంటి సంగతులు తెలుగులోనే వస్తాయి. వారిని ఒంటరిగా పంపకుండా, పక్కన పడుకునే మనిషిని వెంట పంపండి. గురక సంగతి గురక పెట్టేవారికి తెలియదు.

గురకకు ఊపిరితిత్తుల విభాగం గానీ, ముక్కు చెవి గొంతు విభాగం గానీ. ఫిట్స్, నార్కోలెప్సీ, కలలో కొట్లాటలకు న్యూరాలజీ. బెంగళూరు నిమ్హాన్స్‌లో నిద్ర జబ్బులకు ప్రత్యేక సేవలున్నాయి. సాధారణ నిద్ర జబ్బులకు జన్యు పరీక్షల పేరిట డబ్బు పోయనక్కర్లేదు. ఒక రాత్రి నిద్ర పరీక్ష, ఒక ఫెరిటిన్ పరీక్ష, ఇంటి చిట్టా వాటికన్నా ఎక్కువ చెబుతాయి.

మా ఇంటి సంగతి చెప్పి ముగిస్తాం. మనవడికి ఎడినాయిడ్స్, టాన్సిల్స్ తీశారు. ఇప్పుడు నోరు మూసుకుని పడుకుంటున్నాడు, బడికి తనే లేస్తున్నాడు. వాడి వల్ల మేమూ పరీక్ష చేయించుకున్నాం. గంటకు 34 సార్లు ఊపిరి ఆగుతోందని తేలింది. రెండేళ్లుగా మాస్కు పెట్టుకుని పడుకుంటున్నాం. మొదటి నెల చిరాకుపడ్డాం, ఇప్పుడు లేకపోతే తోచదు. మా అబ్బాయికి 19 వచ్చింది. వాడు రోజూ విశాఖ దారిలో కారు నడిపే ఉద్యోగి. కిందటేడు ఒకసారి ఇచ్ఛాపురం దాటాక కళ్లు మూతపడ్డాయని, పరీక్ష ఫలితం వచ్చిన రోజున గానీ మాకు చెప్పలేదు.

మా నోటుపుస్తకంలో మొదటి పేరు మా నాన్నగారిది. ఎదురుగా ఇలా రాశాం: "గట్టి గురక. ఆఫీసులో కునికేవారు. 58వ ఏట నిద్రలో పోయారు. పరీక్ష జరగలేదు." కింద మూడు పేర్లకు "పరీక్ష జరిగింది" అని ఉంది.